ఎడమచేతి చీటీ

మా వ్యాను ఇంజనుకు ముందర ఉండే పుల్లీ బోల్టును ఎవరు ఊడదీశారని ఊళ్ళో ఎవరినైనా అడగండి, మా ఆయన పేరే చెప్తారు. కొందరు మా మరిదిని కూడా కలుపుతారు. టీ బంకు దగ్గర కూర్చునేవాళ్ళయితే ఆ పొద్దు అన్నదమ్ములిద్దరూ ఎంత చెమట కార్చారో బిందెల లెక్కన చెప్తారు. నా మాట ఎత్తేవాళ్ళు ఒకరిద్దరు లేకపోలేదు. వాళ్ళు కూడా, "ఆయమ్మ బ్రేకు తొక్కిందంట" అంటారు.

తొక్కాను. పొద్దున ఎనిమిది నుంచి మధ్యాహ్నం దాటేదాకా నా బండిలో నేనే ఒక బండరాయి మాదిరి కూర్చొని బ్రేకు తొక్కాను. ఆ సంగతీ చెప్తాను. అయితే అంతటితో అయిపోయిందనుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

వ్యాను పాతది, పెట్రోలుది. ఆర్సీ పుస్తకంలో తెలుపు అని రాసుంది గానీ మా ఎర్రమట్టికి దాని రంగు ఎప్పుడో మారిపోయింది. మా ఆయన పదిహేనేళ్ళు తోలాడు. చక్కెర జబ్బు కంటికెక్కిన తర్వాత, ఎదురొచ్చేది బర్రెనా బస్సా అని పక్కన కూర్చున్న నన్ను అడిగే కాడికి వచ్చింది. అప్పుడు తీసుకుపోయి రేకుల కింద నిలబెట్టాడు. ఏడాది పాటు దాని సీట్ల మీద కోళ్ళు గుడ్లు పెట్టాయి. నేను తోలుతానంటే నవ్వాడు. చదువు రానిదానికి లైసెన్సు ఎవరిస్తారు అన్నాడు. ఆ మాటలో కొంత నిజముంది. మొదటి పరీక్షలో కంప్యూటరు మీద ప్రశ్న వస్తుంది, చదువుకొని జవాబు నొక్కాలి.

అందుకని చదువు నేర్చుకున్నాను, యాభై దాటిన తర్వాత. మా వీధి అంగన్వాడీ టీచరమ్మ సాయంత్రాలు ఐదుగురు ఆడవాళ్ళకు అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టింది. నలుగురు మానేశారు, నేను మానలేదు. గడియారం చూడడం కూడా ఆమె దగ్గరే నేర్చుకున్నాను. అంతకుముందు నాకు పొద్దు తెలుసు, బస్సు వచ్చే వేళ తెలుసు, ముల్లు తెలియదు. మొదటిసారి పరీక్షకు పోయినప్పుడు నేను ప్రశ్న సగం చదివేసరికి అది తెర మీద నుంచి మాయమైపోయింది. ఆ కంప్యూటరుకు కూడా నా మీద ఓపిక లేదు. రెండోసారి పాసయ్యాను.

ఇప్పటికీ నా చదువు నిదానమే. ఒక్కో అక్షరాన్ని పట్టుకొని నడుస్తాను. ఒత్తు కనబడితే ఆగుతాను. ముందు మాట చూసి వెనక మాట ఇదై ఉంటుందిలే అని ఊహించి దాటేయడం నాకు చేతకాదు. ఏది రాసుంటే అదే చదువుతాను.

వ్యాను నా చేతికి వచ్చాక మా వీధి ఆడవాళ్ళం ఎనిమిది మందిమి దాంట్లోనే పత్తి తీయడానికి పోతున్నాం. అంతకుముందు రైతు ట్రాక్టరు పంపిస్తే ట్రాలీలో నిలబడి పోయేవాళ్ళం. పంపించినప్పుడు పోవాలి, తెచ్చి దింపినప్పుడు దిగాలి. పని ముగిసి ఐదు గంటలైనా ట్రాక్టరు ఇంకో పని మీద పోయుంటే ఏడుదాకా గట్టు మీద కూర్చోవాలి. మాలో ఇద్దరికి మోకాళ్ళు పట్టేసి ట్రాలీ ఎక్కలేక పనే మానుకున్నారు. వ్యాను వచ్చినాక మళ్ళీ వస్తున్నారు. మేము ఎప్పుడు పోవాలో, ఏ చేనుకు పోవాలో మేమే అనుకుంటాం. ఎవరికి చెప్పినా అది పెద్ద సంగతిగా కనబడదు. ట్రాలీ కడ్డీ పట్టుకొని పన్నెండేళ్ళు ఊగినవాళ్ళకు తెలుస్తుంది.

పత్తి మూడో తీత మొదలైన వారంలో ఇంజను ముందర నుంచి నూనె కారడం మొదలైంది. మొదట బొట్లు, తర్వాత ధార. నేనే నిదానంగా కోడుమూరు తోలుకుపోయాను, మా ఆయన పక్కన కూర్చున్నాడు. అక్కడి మెకానిక్ భాయ్ మాకు శానా ఏళ్ళుగా తెలుసు. ఆ మధ్య బైకు మీద నుంచి పడి కుడిచేయి విరిగింది, మోచేయి దాకా కట్టు. కింద పడుకొని చూసి లేచాడు. ఇంజనుకు ముందర ఒక పుల్లీ ఉంటుంది, దాని వెనక సీలు అరిగిపోయి నూనె కారుతోంది, సీలు మార్చాలంటే పుల్లీ రావాలి, పుల్లీ రావాలంటే దాని నడిమధ్యలో ఉండే పెద్ద బోల్టు ఊడాలి, అది మాత్రం ఒక పట్టాన ఊడేది కాదు అన్నాడు. ఇదంతా మా ఆయన ముఖం చూసి చెప్పాడు. బండి తోలుకొచ్చింది నేను, తాళంచెవి నా చేతిలో ఉంది, నూనె కారుతోందని కనిపెట్టింది నేను. అయినా బోల్టు మాట వచ్చేసరికి మగవాడి ముఖం చూస్తేనే మాట వస్తుంది కాబోలు.

ఒంటిచేత్తో తాను ఆ బోల్టు తీయలేనన్నాడు. దాన్ని మీరు ఇంటి దగ్గర తీసి పెట్టండి, రేపు నేను కట్టు చూపించుకోవడానికి కర్నూలు పోతున్నా, తిరుగు బస్సులో ఐదు గంటలకు మీ ఊళ్ళో దిగి మిగతా పనంతా చేసిపోతా అన్నాడు. ఆస్పత్రిలో ఫోను ఎత్తడానికి వీలుండదని, ఎట్లా తీయాలో ఒక బిల్లుకాగితం వెనక ఎడమచేత్తో రాసి మా ఆయనకిచ్చాడు. రాయడానికి పావుగంట పట్టింది. ఒక్కో అక్షరానికి నాలుక బయటపెట్టాడు పాపం. మా ఆయన దాన్ని చూడకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

దారిలో వస్తూ ఉంటే నాకు ఇంకో సంగతి చెప్పాడు, ఏదో గుర్తొచ్చినట్లు. భాయ్ చీటీ రాస్తుండగా బయటికి పోయి, పాత ఇనుము కొనే ఆయనతో ఫోనులో మాట్లాడి పెట్టాడంట. రేపటికల్లా బోల్టు ఊడిందా సరే, ఊడలేదా ఎల్లుండి పొద్దున ఆయన లారీ తెచ్చి వ్యానును లాక్కొనిపోతాడు. నాకు చెప్పకుండా, అడగకుండా. బండిని రోడ్డు పక్కకు తీసి ఆపేశాను.

"నన్ను అడగకుండా ఎట్ల మాటిచ్చినావు?"

"ఊడకుంటేనే కదా మ్మే. ఊడకుంటే దాన్ని ఏం చేసుకుంటావు, మళ్ళా కోళ్ళకు ఇస్తావా?"

ఊడుతుందిలే, మా తమ్ముణ్ణి పిలుస్తా అన్నాడు. ఆ మాట మీద బండి మళ్ళీ కదిలించాను. 

మా ఇంటి ముందర ఒక కాలువ ఉంది. కుళాయి పైపు వేస్తామని రెండేళ్ళ కింద నడుంలోతు తవ్వి, పైపు వేయకుండానే పోయారు. నీళ్ళు రాలేదు గానీ అడుగు దూరం పెట్టి దాటుకుంటూ బతకడం అలవాటైంది. చక్రాలు అటొకటి ఇటొకటి ఉండేటట్లు బండిని దాని మీద నిలబెడితే మనిషి కాలువలో నిలబడి పుల్లీకి ఎదురుగా పని చేయవచ్చు, కింద పడుకొని తిప్పలు పడక్కర్లేదు. ఈ ఆలోచన నాది. పొద్దున ఎనిమిదికి నేనే బండిని దాని మీదికి తెచ్చి ఆపాను. చక్రాలకు రాళ్ళు పెట్టాము. మా మరిది పారతో ఆ చోట కాలువను ఇంకాస్త వెడల్పు చేశాడు.

మరిది బోరుబండి మీద పని చేసినవాడు. ఇనుమంటే తనకు భయపడుతుందని వాడి నమ్మకం. పెద్ద బాక్సు పానా తెచ్చాడు, దాని పిడికి తొడగడానికి మూడడుగుల బోరు పైపు ముక్క తెచ్చాడు. పైపు ఎంత పొడుగుంటే అంత బలం వస్తుందని నాకు వివరించాడు. రోకలి ఎత్తిన చేతులకు ఆ సంగతి తెలియదనుకున్నాడేమో.

అప్పుడు మా ఆయన చీటీ తీశాడు. కళ్ళకు దూరంగా పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు. తమ్ముడికిచ్చాడు. వాడు పదో తరగతి దాకా చదివినవాడు. వాడూ ఒకసారి చూసి, కోడి గీకినట్లుండాది అన్నాడు. నేను చూస్తానని చేయి చాపాను.

"మాకే తెలీకుంటే నీకేం తెలుస్తాది వదినా? ఎడమకు తిప్పమంటాడు, ఇంగేముంటాది దాంట్లో. బోల్టన్నాక ఎడమకు తిప్పితేనే ఊడేది."

చీటీ మళ్ళీ జేబులోకి పోయింది. గేరు వేసి బ్రేకు తొక్కి పెడితేనే ఇంజను తిరగకుండా నిలబడుతుంది, బోల్టు ఒక్కటే తిరుగుతుంది. ఆ మాత్రం వాళ్ళకూ తెలుసు. ఆ పనికి నన్ను ఎక్కించారు. కాలు కదిలించొద్దు అన్నారు.

పైపు బోల్టు నుంచి కిందికి, కాలువలోకి వేలాడుతోంది. ఇద్దరూ పుల్లీకి ఎదురుగా నిలబడి పైపు కొసను పట్టుకొని ఎడమవైపుకు లాగుతున్నారు. నాకు అదేమీ కనబడదు. సీట్లో కూర్చున్నదానికి కనబడేది అద్దం, అద్దం అవతల వీధి. ఏం జరుగుతోందయ్యా అని అడిగితే, నువ్వు తొక్కు అనే జవాబు. వీధిలో పోయేవాళ్ళు ఆగి కాలువలోకి వంగి చూసి, వాళ్ళకొక సలహా ఇచ్చి, నన్ను చూసి నవ్వి పోతున్నారు. ఒకాయన అయితే, బరువు చాలకుంటే చెప్పండప్పా, మా ఆడోళ్ళను కూడా పంపిస్తా అన్నాడు. దానికి మా ఆయన నవ్వాడు. నవ్వు నాకు వినబడింది.

పది గంటలకు డీజిలు పోసి నానబెట్టారు. పదకొండుకు సుత్తితో కొట్టారు. మళ్ళీ లాగారు. మరిది పైపుకు ఇంకో పైపు తొడిగాడు, అది కాలువ అడుగుకు తగిలితే మళ్ళీ తీశాడు. ఎండ అద్దంలో నుంచి నేరుగా నా మోకాళ్ళ మీద పడుతోంది. పిక్కలు పట్టేశాయి.

ఒక సంగతి నా కాలికి తెలుస్తూ ఉంది. వాళ్ళు గట్టిగా లాగినప్పుడల్లా బండి ముందుకు తూగుతోంది. బ్రేకు ఉంది కాబట్టి పోవడం లేదు గానీ, దాని ఒంపు ముందుకే. రెండేళ్ళుగా దాన్ని తోలుతున్నాను, గేరులో ఉన్న బండి ముందుకు పోవాలనుకున్నప్పుడు కాలి కింద ఎట్లా ఉంటుందో, వెనక్కు పోవాలనుకున్నప్పుడు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. ఇంజను తను తిరిగే వైపుకే మీరు తిప్పుతున్నట్లుంది అని పైనుంచి అరిచి చెప్పాను. లాగితే కదలదా అన్నాడు మా ఆయన. మరిది అయితే మళ్ళీ లాగాడు.

ఒంటిగంటకు ఇద్దరూ పైకి వచ్చారు. మా ఆయన అరచేతులు బొబ్బలెక్కాయి. ఇది ఊడే రకం కాదు, రేపు ఇనుపాయన వచ్చి తీసుకుపోతాడులే, పీడ పోతుంది అన్నాడు. కాళ్ళు కడుక్కొని సంగటికి కూర్చున్నారు. పొద్దుటి నుంచి ఇద్దరు బలమైన మగవాళ్ళు లాగితే రాని బోల్టు ఇంక దేవుడు దిగి వచ్చినా రాదని వాళ్ళలో వాళ్ళు తీర్మానం చేసుకుంటున్నారు. సంగటిలోకి చిట్లం పొడి వేసుకుంటూ ఒక బండిని చంపేస్తున్నారు. ఆ బండి ఎక్కే ఎనిమిది మందిలో ఒకతె అక్కడే నిలబడి వాళ్ళకు నీళ్ళు పోస్తోందనే ధ్యాస లేదు.

మా ఆయన చొక్కా విప్పి గడప పక్క మేకుకు తగిలించాడు. జేబులో నుంచి చీటీ తీసుకున్నాను. అడగలేదు.

దాన్ని విప్పితే నాకు నవ్వొచ్చింది. అది అచ్చం నా రాతే. మొదటి ఏడాది నేను పలక మీద రాసిన రాత. వంకర గీతలు, గుడి పెట్టాల్సిన చోట గుడి దూరంగా పోయి పడింది, సున్నా మూసుకోలేదు, ఒక అక్షరం ఇంకోదాని మీదికి ఎక్కింది. పదో తరగతి చదివినవాడికి అది కోడి గీత. నాకు కాదు. చేయి మాట వినకపోతే అక్షరం ఏ పక్కకు ఒరుగుతుందో నాకు తెలుసు. గుమ్మంలో కూర్చొని ఒక్కొక్కటే చదివాను. వాళ్ళు రెండో ముద్ద తినేసరికి మొదటి లైను అయింది. చెయ్యి కడిగేసరికి నాలుగూ అయ్యాయి.

నాలుగో గేరు ఎయ్యాల. బ్రేకు గట్టిగా తొక్కాల. బోల్టును గడియారం ముల్లుకు ఎదురు తిప్పాల. కుడి ఎడమ చూడొద్దు, గడియారమే చూడాల.

రెండుసార్లు చదివాను, చివరి లైను మూడుసార్లు. లేచి లోపలికి పోయి గోడ గడియారాన్ని మేకు మీద నుంచి తీశాను. వెనక చక్రం తిప్పి పెద్ద ముల్లును ఆరు మీదికి తెచ్చాను. దాన్ని ఎత్తుకొని పోయి కాలువలోకి దిగి, పుల్లీ పక్కన దాని ముఖం నా వైపు తిప్పి పట్టుకున్నాను. పైపు కిందికి వేలాడుతోంది. ముల్లూ కిందికే వేలాడుతోంది. చూస్తే పాలు తాగే పిల్లకు కూడా తెలిసిపోతుంది. ఆరు మీదున్న ముల్లు ముందుకు నడిస్తే ఏడుకు పోతుంది. ఏడు ఎడమవైపు ఉంది. పొద్దుటి నుంచి వీళ్ళు లాగింది ఏడుకే.

పైపు పైకి నిలబడి ఉంటే ఎడమ అన్న మాట సరిపోయేది. కిందికి వేలాడే పైపుకు ఎడమ అంటే బిగించడం. అయిదు గంటల సేపు, ఇద్దరు మగవాళ్ళు, మూడడుగుల పైపు పెట్టి, ఊడదీయాల్సిన బోల్టును బిగించారు. వాళ్ళు బిగించడానికి నేను బ్రేకు తొక్కాను.

నాకు వచ్చిన కోపం ఇప్పుడు రాస్తుంటే కూడా వస్తోంది. తప్పు చేసినందుకు కాదు. తప్పు ఎవరైనా చేస్తారు. నేను చేయి చాపినప్పుడు ఆ కాగితం నాకిచ్చి ఉంటే తొమ్మిదింటికే తెలిసేది. బండి ముందుకు తూగుతోందని అరిచినప్పుడు ఒక్కసారి తల ఎత్తి ఉంటే పది గంటలకు తెలిసేది. చిన్నప్పటి నుంచి చదువు ఉన్నవాళ్ళు కాగితాన్ని చదవరు, చూస్తారు. చూసి, తమకు ముందే తెలిసిందే దాంట్లో ఉందనుకుంటారు.

ఇద్దరినీ పిలిచాను. మరిది మూతి తుడుచుకుంటూ వచ్చి కాలువ గట్టు మీద నిలబడ్డాడు.

"గడియారం పట్టుకొని ఈడ ఏం చేస్తాండావు వదినా, బోల్టుకు టైము చూపిస్తాండావా?"

"చూపిస్తాండా, చూడు. ఈ ముల్లు ఆరు మీద ఉండాది. మీరు ఏడుకు లాగుతాండారు. అయిదుకు లాగల్ల."

"ముప్పై ఏండ్లుగా బోల్టులు ఇప్పుతాండా మ్మే," అన్నాడు మా ఆయన. "ఎడమంటే ఎడమే."

"ఎడమ అని యాడుండాది దీంట్లో? కుడి ఎడమ చూడొద్దని రాసినాడు. చదువు."

చీటీ చాపాను. ఆయన తీసుకోలేదు. తమ్ముడివైపు చూశాడు. తమ్ముడు గడియారాన్ని చూస్తున్నాడు. వాడి చూపు ఆరు నుంచి ఏడుకు పోయింది, మళ్ళీ ఆరుకు వచ్చింది, అయిదుకు పోయింది. చెవులు ఎర్రబడ్డాయి. కాలువలోకి దిగి పైపు పట్టుకున్నాడు.

నేను మళ్ళీ పైకెక్కి బ్రేకు తొక్కాను. ఇద్దరూ ఈసారి కుడివైపుకు లాగారు. బండి వెనక్కు తూగింది. నా కాలి కింద ఆ తేడా ఎంత హాయిగా ఉందో చెప్పలేను. కానీ బోల్టు రాలేదు. ఎట్లా వస్తుంది, పొద్దంతా దాన్ని అంత ముద్దుగా బిగించినాక? పావుగంట లాగి, చూసినావా, అటు కూడా రాదు అన్నాడు మా ఆయన. ఆ గొంతులో కొంచెం సంతోషం కూడా ఉంది. బోల్టు రాకపోయినా తన మాట నిలబడితే చాలని.

బండి దిగాను. నువ్వు పోయి బ్రేకు తొక్కు అని ఆయనతో చెప్పాను. ఏదో అనబోయాడు. నా ముఖం చూసి బండెక్కాడు. చీర ఎగదోపుకొని కాలువలోకి దిగాను. మరిదిని బోల్టు దగ్గర పానా జారకుండా రెండు చేతులా అదిమి పట్టుకోమన్నాను. కాలువకు ఎడమ గోడకు వీపు ఆనించి కూర్చున్నాను. మట్టి ఎండి రాయి మాదిరి ఉంది, వీపుకు మంచి ఆసరా. రెండు పాదాలూ పైపు కొసకు ఆనించాను. వాళ్ళు పొద్దుటి నుంచి చేతులతో లాగుతున్నారు. మనిషికి బలం చేతుల్లో యాడుంది? పత్తి మూట నెత్తిన పెట్టుకొని రేగడి చేన్లో మైలు నడిచేది చేతులా? పన్నెండేళ్ళు ట్రాలీలో నిలబడింది చేతులా?

"తొక్కినావా?" అని అరిచాను.

"తొక్కినా. ఏం జరుగుతాందో చెప్పండి, నాకేం కనపడ్లే," అన్నాడు పైనుంచి.

 ఊపిరి బిగబట్టి కాళ్ళు చాపాను. మొదట గోడ నలిగి నా వీపు మీద మట్టి రాలింది. మోకాళ్ళలో మంట పుట్టింది. పైపు విల్లు మాదిరి ఒంగింది. మరిది, ఆగు వదినా పైపు ఇరుగుతాది అంటున్నాడు. ఆగలేదు. ఆ పొద్దున నవ్విన నవ్వులన్నీ ఆ పైపు కొస మీద ఉన్నాయనుకొని తన్నిపట్టాను. టక్ మని ఒక చప్పుడైంది. టపాకాయ పేలినట్లు. బోల్టు తల విరిగిందేమో అనుకున్నాను. మరిది పానా మీద చేతులు పెట్టుకొని అట్లాగే ఉండిపోయాడు. తర్వాత పైపు తీసేసి, వట్టి పిడితో తిప్పాడు. తిరిగింది. ఇంకో సుట్టు తిరిగింది. అయిదు, నాలుగు, మూడు. ముల్లుకు ఎదురుగా, నిదానంగా, వెన్నలో తిరిగినట్లు.

అయిదు గంటలకు బస్సు దిగి భాయ్ వచ్చాడు. బోల్టు అరుగు మీద గుడ్డలో పెట్టి ఉంది. చేతిలోకి తీసుకొని, వేలితో మరలు తడిమి, ఎవరప్పా దీన్ని ఇట్ల బిగించింది, లారీకి కూడా ఇంత బిగించరు అన్నాడు. అది ముందు నుంచి అట్లనే ఉన్నింది అన్నాడు మా ఆయన. పొద్దంతా వీళ్ళు ఎటు లాగారో, చీటీ చదివింది ఎవరో నేనే చెప్పాను. భాయ్ నమ్మలేదు.

"అది రాసిన నేనే మళ్ళా చదవలేకపోతినమ్మా. నువ్వెట్ల చదివితివి?"

"నేనూ అట్లనే రాస్తా భాయ్."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు మాత్రం నాకు బాగుంది. మిగతా పనంతా ఒంటిచేత్తో చేశాడు, ఏ సామాను ఎప్పుడు కావాలో ఈసారి నా ముఖం చూసి అడిగాడు. సీలు మారింది. చీకటి పడకముందే బోల్టు మళ్ళీ ఎక్కింది. చివర బిగించే పని వచ్చినప్పుడు, దానికి మీ మరిదిని పిలవండమ్మా, పొద్దుటి నుంచి అలవాటు పడినాడు కదా అన్నాడు. మరిది పిలవకముందే ఇంటికి పోయాడు.

పోతూ పోతూ టీ బంకు దగ్గర ఆగాడంట. పొద్దంతా లాగి లాగి లూజు చేసి పెట్టినాం, చివర్న వదిన కాలు తగిలి ఊడింది అని చెప్పాడంట. లూజు చేసి పెట్టారు! అక్కడున్న ఒక్కరైనా, బిగించినదాన్ని లూజు అని ఎట్ల అంటావప్పా అని అడిగితే కదా. అన్నీ తెలిసిన మా ఆయన అక్కడే టీ తాగుతున్నాడు. అవునని తల ఊపాడని టీ పోసే ఆమె నాకు చెప్పింది.

మరుసటి పొద్దున ఆరున్నరకు బండి తీశాను. ఎనిమిది మందిమీ ఎక్కాం, మోకాళ్ళు పట్టేసిన ఇద్దరూ ముందు సీట్లో. చేను గట్టున ఆపి, దిగి, బండి కింద వంగి చూశాను. నేల పొడిగా ఉంది. పత్తి సంచి నడుముకు కట్టుకుంటుండగా ఫోను మోగింది. మా ఆయన. బోల్టు ఊడిందని ఈయన చెప్పనే లేదు, పాత ఇనుపాయన లారీ తెచ్చి వాకిట్లో నిలబడి ఉన్నాడంట. మాటిచ్చి పిలిచి ఇప్పుడు బండే లేదంటే ఎట్లా అని గొడవ చేస్తున్నాడంట.

"ఏం చెప్పల్ల మ్మే?" అన్నాడు గొంతు తగ్గించి.

మాటిచ్చేటప్పుడు అడగని మనిషి మాట తప్పేటప్పుడు అడుగుతున్నాడు.

"జరిగింది చెప్పు," అన్నాను.

"జరిగిందంతానా?"

"అంతా. ఏడుకు లాగిన కాడ్నుంచి."

ఫోను పెట్టేయలేదు. అవతల లారీ ఇంజను చప్పుడు వినబడుతోంది.  తర్వాత ఆ ఇనుపాయన గొంతు, ఏమంటాదప్పా మీ ఆయమ్మ అని అడగడం వినబడింది. మా ఆయన గొంతు సవరించుకున్నాడు. చెప్తాడని ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాను. నా వెనక ఏడుగురూ సంచులు కట్టుకొని నిలబడ్డారు.

"పొమ్మంటాండాది," అన్నాడు మా ఆయన.

నేను పొమ్మనలేదు. చెప్పమన్నాను.